మధ్యాహ్న భోజనం సరే, రాత్రి సంగతేమిటి?

నెల్లూరు చుట్టుపక్కల వృద్ధాశ్రమాల్లో మధ్యాహ్న భోజనం చాలా రోజులు ఎవరో ఒకరి పేరు మీద జరుగుతుంది. పాప పుట్టినరోజు, నాన్న వర్ధంతి, అమెరికాలో కొడుక్కి ఉద్యోగం. సందర్భం ఏదైనా పులిహోర, వడ, పాయసం, చివర్లో ఒక ఫొటో. పెట్టేవాళ్ల మనసు మంచిదే. ఆ పూట నలుగురు కొత్తవాళ్లు వచ్చి పలకరించడం పెద్దవాళ్లకూ సంతోషమే. చిక్కల్లా, ఆశ్రమం బాగుందో లేదో కూడా ఆ విస్తరిని చూసే తేల్చేయడం. పాయసం తిన్న షుగరు రోగికి సాయంత్రం పరీక్ష చేసేదెవరు? రాత్రి రెండింటికి, మంచాన పడిన మనిషిని పక్కకు తిప్పేదెవరు?

కదల్లేని మనిషిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలన్నది నర్సింగులో తొలి పాఠాల్లో ఒకటి. తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం కమిలి పుండు పడుతుంది. అది ఎముక దాకా వెళ్లిందంటే మానడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. దీన్ని ఆపడానికి ముందుగా కావలసింది రాత్రిపూట మేలుకుని ఉండే మనుషులు. పగలంతా వండి, ఉతికి, ఊడ్చిన ఆయానే రాత్రికీ ఉంచితే, ఆమె ఎంత మంచిదైనా ఆ పని జరగదు. తప్పు ఆమెది కాదు, ఆ ఏర్పాటు చేసినవాళ్లది.

నీళ్ల విషయంలో జరిగేది ఇంకా బాధాకరం. వయసు మీదపడితే దాహం తెలియడం తగ్గుతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు వయసులో ఉన్నవాళ్లే సొమ్మసిల్లుతారు. మరుగుదొడ్డి దూరంగా ఉన్నా, పక్క తడిస్తే ఎవరైనా విసుక్కుంటారన్న భయం ఉన్నా, పెద్దవాళ్లు పొద్దుగూకగానే నీళ్లు తాగడం మానేస్తారు. ఆ తర్వాత మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మాట తడబడటం, చీకట్లో లేచి పడిపోవడం, తుంటి ఎముక విరగడం. చివరికి అందరూ అనే మాట ‘వయసైపోయింది’ అని. అక్కడితో విచారణ ముగిసిపోతుంది. ముగియకూడదు.

చట్టం లేక కాదు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు అన్నది. ప్రమాణాలు నిర్ణయించే అధికారమూ రాష్ట్రాలకు ఇచ్చింది. చేసి తీరాలని మాత్రం కట్టడి చేయలేదు. 2018 డిసెంబరులో అశ్వనీ కుమార్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు, జిల్లాకెన్ని ఆశ్రమాలున్నాయో రాష్ట్రాల నుంచి వివరాలు తెప్పించాలని కేంద్రాన్ని ఆదేశించింది. చట్టం వచ్చి పదకొండేళ్లయ్యాక కోర్టు అడగాల్సి వచ్చిన లెక్క అది! 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులో ఆశ్రమాలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉన్నాయి. అది స్థాయీ సంఘం దాకా వెళ్లి, 2024లో 17వ లోక్‌సభతో పాటే మురిగిపోయింది.

ఆస్ట్రేలియాలోనూ ఆశ్రమాల మీద ఫిర్యాదులు వెల్లువెత్తితే 2018లో రాయల్ కమిషన్ వేశారు. 2021లో నివేదిక వచ్చింది. దాని ఫలితంగా ఒక్కో వృద్ధుడికి రోజుకు సగటున 200 నిమిషాల సేవ అందాలని 2023 అక్టోబరులో నిబంధన పెట్టి, ఏడాది తిరిగేసరికి 215కు పెంచారు. అందులో 44 నిమిషాలు నర్సు సేవే ఉండాలి. అంత డబ్బు మన దగ్గర లేకపోవచ్చు. కానీ నిమిషాల్లో కొలవాలన్న ఆలోచనకు ఖర్చేముంది?

నెల్లూరు తీరానికి మరో బాధ్యత కూడా ఉంది. మైపాడు, రామతీర్థం, ఇసకపల్లి, తుమ్మలపెంట వైపు కార్తీకం వచ్చిందంటే తుపాను కబురు కోసం చెవులు రిక్కించాల్సిందే. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి రోజున ఏటికి అవతల ఉన్న ఆశ్రమంలో ఒకరికి ఊపిరాడకపోతే నెల్లూరు ఆసుపత్రికి చేర్చేదెలా? నడవలేనివాళ్లు ఎందరు, వాళ్లను మోసేదెవరు, ఇన్సులిన్ ఎన్ని రోజులకు ఉంది, జనరేటరుకు డీజిలు ఉందా అన్న వివరాలు వానలకు ముందే తహసీల్దారు బల్ల మీద ఉండాలి. తుపాను షెల్టరు మెట్లు ఎక్కలేని మనిషికి ఆ షెల్టరు ఉన్నా లేనట్టే.

అందుకే దాతలు అడగాల్సిన ప్రశ్నలు మారాలి. నెలనెలా తూచిన బరువుల రిజిస్టరు చూపించమనాలి. మూడు నెలల్లో ఒక మనిషి నాలుగు కిలోలు తగ్గితే ఏం చేశారని అడగాలి. రాత్రి డ్యూటీ ఎవరిదో పేరు చెప్పమనాలి. ఏడాదిలో ఒక్కసారి విందుకు బదులు ఒక నెల రాత్రి ఆయా జీతం కట్టినా ఆ డబ్బు సార్థకమే. ఆశ్రమం నడిపేవాళ్లలో చాలామంది చేతి డబ్బు పెట్టుకుని అవస్థ పడుతున్నవాళ్లే. ఇలా అడిగితే నిజాయతీగా నడిపేవారికి వచ్చే నష్టమేమీ లేదు.

కొత్త బిల్లు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. జిల్లాలోని ఆశ్రమాల జాబితా, ఒక్కోదానిలో ఎందరున్నారు, రాత్రి సిబ్బంది ఎందరు, డాక్టరు చివరిసారి ఎప్పుడొచ్చారు అన్న నాలుగు వివరాలను కలెక్టరు ప్రతి మూడు నెలలకూ అందరికీ తెలిసేలా ప్రకటించాలి. తనిఖీ చెప్పి కాకుండా, రాత్రి వేళ జరగాలి. ఈలోగా ఏ ఆశ్రమంలోనైనా పెద్దవాళ్లకు అన్యాయం జరుగుతోందని తెలిస్తే వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.