యూనివర్సిటీ మన నేల మీద ఉంటే సరిపోతుందా?



మన ఏరియాకి యూనివర్సిటీ వస్తోందంటే మనం మొదట అడిగేది ఎక్కడ కడతారు, ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు అని. శంకుస్థాపన ఫోటో షేర్ చేస్తాం, నాలుగు రోజులు సంతోషపడతాం, తర్వాత మర్చిపోతాం. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆ యూనివర్సిటీ ఎవరు అడిగితే వచ్చింది? అందులో ఏం నేర్పుతారు? దాని పెత్తనం ఎవరి చేతిలో ఉంటుంది?

ఈ మూడు ప్రశ్నల్ని ఒక నిజమైన ఉదాహరణ మీద పెట్టి చూద్దాం. అది మన దేశంలోది కాదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, యాకమా అనే ఆదివాసీ జాతి రిజర్వేషన్, అందులో టోపెనిష్ అనే చిన్న ఊరు. ఆ ఊరి దగ్గర హెరిటేజ్ యూనివర్సిటీ అని ఒకటుంది. ప్రైవేటుదే, కానీ లాభాపేక్ష లేనిది. విద్యార్థులు వెయ్యి మంది అటూ ఇటూ, అంతే. మన దగ్గర ఒక్కో ఇంజనీరింగ్ కాలేజీలో అంతకన్నా ఎక్కువ మంది ఉంటారు. (అక్కడ రిజర్వేషన్ అంటే ఉద్యోగాల్లో కోటా అని అర్థం కాదు. ఒప్పందం ప్రకారం తెగకి మిగిల్చిన భూమిని అలా పిలుస్తారు.)

ఆ భూమి కథ మనకి తెలియనిదేమీ కాదు. 1855లో అమెరికా ప్రభుత్వం యాకమా వాళ్ళతో ఒప్పందం రాయించుకుంది. కోటి ఎకరాలకి పైగా పోయింది. మిగిలింది సుమారు 13 లక్షల ఎకరాలు. తర్వాత పిల్లల వంతు వచ్చింది. ఫోర్ట్ సింకో అనే పాత సైనిక స్థావరంలో బోర్డింగ్ స్కూలు పెట్టారు. 1922 దాకా నడిచింది. అలాంటి స్కూళ్ళ పని ఏంటో ప్రపంచంలో ఏ ఆదివాసీని అడిగినా చెప్తాడు. పిల్లని ఇంటి నుంచి విడదీయాలి, జుట్టు కత్తిరించాలి, నోట్లో మాట మార్చాలి. కాబట్టి చదువు అనే మాట అక్కడి పెద్దల చెవికి తీపిగా వినిపించే మాట కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకుని మిగతాది వినండి.

1970లలో యాకమా విద్యా కార్యక్రమాలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు ఉండేవారు. మార్తా యాలప్, వయలెట్ లమ్లీ రౌ. ఇద్దరూ యాకమా వాళ్ళే. చిన్నపిల్లల కోసం అక్కడ హెడ్ స్టార్ట్ అనే కేంద్రాలు నడుస్తాయి, మన అంగన్‌వాడీల లాంటివి. వాటిలో పనిచేసే తెగ వాళ్ళకి టీచర్ శిక్షణ, డిగ్రీ కావాలి. దగ్గరలో డిగ్రీ కాలేజీ లేదు. బయట నుంచి వచ్చిన టీచర్లేమో పిల్లల మాట తెలియక, ఊరి తీరు తెలియక వెళ్ళిపోతుంటారు. అందుకని ఈ ఇద్దరూ 300 కిలోమీటర్లకి పైగా దూరంలో, స్పోకేన్ నగరంలో ఉన్న ఫోర్ట్ రైట్ అనే కాథలిక్ కాలేజీని పట్టుకున్నారు. మా వాళ్ళు మీ దగ్గరికి రాలేరు, మీరే మా దగ్గరికి వచ్చి క్లాసులు చెప్పండి అన్నారు. కాలేజీ ఒప్పుకుంది. టోపెనిష్‌లో క్లాసులు మొదలయ్యాయి.

అంతలో ఆ కాలేజీకే డబ్బు కష్టాలు వచ్చాయి, మూసేయాలని నిర్ణయించారు. మామూలుగా అయితే కథ ఇక్కడితో ఆగాలి. దాత దివాళా తీస్తే పథకం పోతుంది, మన ఊళ్ళలో ఎన్ని చూశాం! కానీ యాలప్, రౌ ఊరుకోలేదు. ఆ కాలేజీలో చదువుల బాధ్యత చూస్తున్న సిస్టర్ కాథ్లీన్ రాస్‌ని కూర్చోబెట్టి, అయితే ఇక్కడే కొత్త కాలేజీ పెడదాం అన్నారు. 1982లో హెరిటేజ్ కాలేజీ మొదలైంది. మొదటి ఏడాది విద్యార్థులు 85 మంది. క్లాసులు నడిచింది ఒక పాత ప్రాథమిక పాఠశాల భవనంలో. ఏ చర్చి ఆధీనంలోనూ లేని స్వతంత్ర సంస్థగా రిజిస్టర్ చేశారు. రాస్ 2010 వరకు, అంటే 28 ఏళ్ళు, దానికి అధ్యక్షురాలిగా ఉన్నారు. 2004లో అది యూనివర్సిటీ అయింది.

మొదటి ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. పైనుంచి ఎవరో మ్యాపు మీద వేలు పెట్టి, వెనకబడిన ప్రాంతం కదా ఒకటి ఇద్దాం అనలేదు. మా పిల్లలకి మా మాట తెలిసిన టీచర్లు కావాలి అని ఇద్దరు తెగ ఆడవాళ్ళు ఫలానా అవసరం చెప్పి అడిగారు. ముందు అవసరం, దాన్నిబట్టి కోర్సు, ఆఖరికి కాలేజీ. మన దగ్గర ఈ వరస తిరగబడి ఉంటుంది. ముందు ప్రహరీగోడ, తర్వాత బోర్డు, చివరికెప్పుడో కోర్సులు.

ఇక రెండో ప్రశ్న, ఏం నేర్పుతారు? టీచర్ శిక్షణ మొదటి నుంచీ ఉంది, ఇప్పటికీ ఉంది. సోషల్ వర్క్, బిజినెస్, కంప్యూటర్లు, పర్యావరణ శాస్త్రం కూడా ఉన్నాయి. పేర్లు చూస్తే మామూలు కోర్సులే. ఇవే అక్కడ ఎందుకు పనికొస్తాయో చూడండి.

పర్యావరణ శాస్త్రాన్నే తీసుకుందాం. 1855 ఒప్పందంలో యాకమా వాళ్ళు భూమి పోగొట్టుకున్నా, అలవాటైన చోట్ల చేపలు పట్టుకునే హక్కు మాత్రం వదులుకోలేదు. రాష్ట్ర ప్రభుత్వం అరెస్టులు చేసింది, వలలు లాక్కుంది. యాకమా జాలర్లు కోర్టుకెక్కారు. కొలంబియా నదిలో చేపల్లో తెగలకి న్యాయమైన వాటా దక్కాల్సిందేనని 1969లో ఫెడరల్ కోర్టు చెప్పింది. తీర్పు వచ్చాక అసలు పని మొదలైంది. నదిలో సాల్మన్ ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టాలి, డ్యాముల వల్ల నష్టమెంతో కొలవాలి, ప్రభుత్వం లెక్క తప్పయితే మన లెక్క బల్ల మీద పెట్టాలి. అందుకే యాకమా జాతికి సొంత మత్స్య విభాగం ఉంది. దానికి చదువుకున్న సొంత మనుషులు కావాలి. మనకి 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. సామూహిక అటవీ హక్కు కోసం హద్దులు గీయడానికి, అడవి ప్లాను రాయడానికి మన ఊళ్ళలో ఎంతమంది ఉన్నారు? హక్కు కాగితం మీద రావడం ఒక ఎత్తు. దాన్ని నిలబెట్టుకునే మనుషుల్ని తయారుచేసుకోవడం ఇంకో ఎత్తు.

భాష సంగతి కూడా చెప్పాలి. యాకమా వాళ్ళ భాష పేరు ఇచిష్కీన్. వర్జీనియా బీవర్ట్ అనే పెద్దావిడ ఆ భాషని హెరిటేజ్‌లో నేర్పారు. ఆమె, భాషాశాస్త్రవేత్త షారన్ హార్గస్ కలిసి చేసిన పెద్ద నిఘంటువుని 2009లో వాషింగ్టన్ యూనివర్సిటీ ప్రెస్‌తో కలిసి హెరిటేజే అచ్చు వేసింది. 2012లో, 90 ఏళ్ళ వయసులో, బీవర్ట్ ఆరెగాన్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ పట్టా తీసుకున్నారు. ఫోర్ట్ సింకో ఉన్న నేల మీదే, అదే భాష పుస్తకంగా బయటికొచ్చింది. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. కంప్యూటర్‌కి మన అక్షరం తెలుసు. గోండి, కోలామి, కోయ, కువి, సవర నేర్పే డిగ్రీ ఎక్కడుంది?

ఇప్పుడు మూడో ప్రశ్న, పెత్తనం ఎవరిది? ఇక్కడ హెరిటేజ్‌ని నెత్తిన పెట్టుకోవాల్సిన పనిలేదు. అది యాకమా నేల మీద ఉంది కానీ యాకమా జాతి సంస్థ కాదు. దాని బోర్డు దానిది. బోర్డులో తెగ మనుషులు కూర్చోవచ్చు, సంస్థ మాత్రం తెగ చేతిలో లేదు. విద్యార్థుల్లో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల హాప్స్ తోటల్లో, యాపిల్ తోటల్లో కూలికి వచ్చిన లాటినో కుటుంబాల పిల్లలు. ఆదివాసీ పిల్లలు తక్కువే. కూలీల పిల్లలు చదువుకోవడం మంచిదే, వాళ్ళమీద మనకేం కోపం? కానీ తెగ ఆడవాళ్ళు అడిగి తెచ్చుకున్న సంస్థలో కూడా తెగ పిల్లలు తక్కువమంది అయిపోవచ్చు అన్న సంగతి మనం గమనించాలి.

అదే అమెరికాలో ఇంకో దారి ఉంది. 1968లో నవాహో జాతి తన సొంత కాలేజీ పెట్టుకుంది, ఇప్పుడు దాని పేరు డినే కాలేజీ. తెగ ప్రభుత్వం చార్టర్ ఇస్తుంది, బోర్డు తెగది. 1978లో ఇలాంటి కాలేజీలకి ఫెడరల్ నిధులిచ్చే చట్టం కూడా వచ్చింది. ఇప్పుడు ముప్ఫైకి పైగా ఉన్నాయి. హెరిటేజ్ ఆ లెక్కలోకి రాదు. ఫీజులు, విరాళాలు, విద్యార్థులకి ప్రభుత్వం ఇచ్చే సాయం, ఇలాంటివాటి మీద అది బతకాలి.

"అయితే ప్రైవేటు యూనివర్సిటీలు మంచివంటావా అన్నా?" అని కొందరు అడుగుతారు. అనను. మన దగ్గర ప్రైవేటు యూనివర్సిటీల కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2016లో, తెలంగాణలో 2018లో చట్టాలు చేశారు. అవి ఎక్కడ లేస్తున్నాయో చూడండి, హైదరాబాద్ చుట్టూ, అమరావతి చుట్టూ. ప్రైవేటు సంస్థల్లో కూడా ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకి కోటా పెట్టొచ్చని 93వ రాజ్యాంగ సవరణ చెప్పింది. ఇన్నేళ్ళయినా ప్రైవేటు సంస్థలకి పార్లమెంటు ఆ చట్టం చేయలేదు. అందుకే ప్రైవేటు దయ మీద కూర్చోలేం. హెరిటేజ్ నుంచి తీసుకోవాల్సింది ప్రైవేటు అన్న ముద్రని కాదు. ఆ ఇద్దరు ఆడవాళ్ళు అడిగిన తీరు తీసుకుందాం.

ఎందుకంటే వాళ్ళు అడిగిందే మనమూ అడుగుతున్నాం. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని కొట్టేసింది. దానికోసం రోడ్డెక్కాం, ఎక్కుతాం. దాంతోపాటు ఇంకోటి కూడా అడగాలి. కోలాం గూడెంలో ఒకటో తరగతి పిల్లకి కోలామిలో కథ చెప్పి, అక్కడి నుంచి తెలుగులోకి తీసుకొచ్చే టీచర్ని తయారుచేసే కోర్సు ఏది? అది ఉంటే, స్థానిక టీచరే ఎందుకు కావాలో చెప్పడానికి కోర్టులోనూ మన చేతిలో గట్టి ఆధారం ఉంటుంది. అప్పుడది పుట్టుక మీద అడిగే కోటా మాత్రమే కాదు, ఆ పనికి కావాల్సిన అర్హత కూడా.

2014 విభజన చట్టం రెండు రాష్ట్రాలకీ గిరిజన యూనివర్సిటీ ఇస్తానంది. ఆంధ్రకి 2019లో చట్టం అయింది, విజయనగరం జిల్లాలో పెట్టారు. తెలంగాణకి 2023 డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది, ములుగులో సమ్మక్క సారక్క పేరుతో. రెండూ కేంద్ర విశ్వవిద్యాలయాలే, రెండూ మన పోరాటం వల్ల వచ్చినవే. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్టీ కోటా మామూలుగా 7.5 శాతం. పేరులో గిరిజన అని ఉన్నంత మాత్రాన సీట్లు మనవైపోవు.

కాబట్టి మీరు ఏ ఐటీడీఏ పరిధిలో ఉన్నా, ఉట్నూరైనా, ఏటూరునాగారమైనా, భద్రాచలమైనా, పాడేరైనా, సీతంపేటైనా, ఈ పని చేయండి. గ్రామసభలో కూర్చోండి. పెద్దల్ని, అంగన్‌వాడీ అక్కల్ని, ఆశా కార్యకర్తల్ని, సీఆర్‌టీ టీచర్లని పిలవండి. మన ఊరికి ఏ చదువు చదివిన మనిషి కావాలో అడగండి. మన భాషలో చెప్పే టీచరా, నర్సా, అడవి సర్వే చేసేవాడా, కోర్టులో మాట్లాడే లాయరా? తీర్మానం రాయండి. ఎన్ని సీట్లు స్థానిక ఆదివాసీలకి ఇస్తారు, పాలక మండలిలో ఎంతమంది ఆదివాసీలు ఉంటారు, మన భాషలకి ఏ విభాగం ఉంది అన్న ప్రశ్నలు అందులోనే పెట్టి యూనివర్సిటీకి పంపండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద మళ్ళీ అడగండి.

టోపెనిష్‌లో మొదట క్లాసులు నడిచిన ఆ పాత బడి భవనం 2012లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. యూనివర్సిటీ మాత్రం ఆగలేదు. గోడలు కాలినా, అవసరం చెప్పి అడిగిన మనుషులుంటే చదువు నిలబడుతుంది. మన దగ్గర గోడలు లేస్తున్నాయి. లోపల ఏం చెప్పాలో మనం చెప్పకపోతే, చెప్పడానికి వేరేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

జై ఆదివాసీ!