ముగింపునకు వ్యాఖ్యానము

కథ ముగిసిన పిమ్మట పాఠకుడు ఏమి చేయవలెను? పుస్తకము మూసి ఊరకుండుటయా, లేక కథకుడు చెప్పక విడిచినదానిని తాను పూరించుకొనుటయా? ఈ ప్రశ్న నేడు కావ్యములకే కాక, యువకులు ఆడు వీడియో ఆటలకును వర్తించుచున్నది. ఆట యనగానే ఉపాధ్యాయులలో కొందరు నొసలు చిట్లింతురు. కాని వీనిలో కొన్ని నవలలంత దీర్ఘమైన కథలే.

కెనడాకు చెందిన బయోవేర్ సంస్థ 2007లో ప్రారంభించి 2012లో ముగించిన ‘మాస్ ఎఫెక్ట్’ అట్టి కథాత్రయము. ‘రీపర్లు’ అను మహాయంత్రములు యాబది వేల యేండ్లకొకమారు వచ్చి, పాలపుంతలో ఉన్నతిని పొందిన నాగరికతలను తుడిచివేయుచుండును. షెపర్డ్ అను సైనికాధికారి వానితో పోరుటయే కథ. మూడవ భాగము చివర ఒక బాలుని రూపము ఎదుట నిలిచి మూడు మార్గములు చూపును: రీపర్లను నాశనము చేయుట, వానిని వశపరచుకొనుట, ప్రాణులను యంత్రములను ఏకము చేయుట. ఏది యెన్నుకొన్నను మొదట కనుపించిన దృశ్యములు ఇంచుమించు ఒక్కటే. ఎరుపు, నీలము, ఆకుపచ్చ అను రంగులలోనే ప్రధాన భేదము. ఏండ్ల తరబడి తాము చేసిన నిర్ణయములకు ఫలమిదేనా యని ఆటగాండ్రు అనేకులు ఆగ్రహించిరి.

కొందరు ఆగ్రహముతో ఆగక, వెదకిరి. సమీపించినవారి మనస్సును రీపర్లు మెల్లగా లోబరచుకొనునని మొదటి భాగమే చెప్పినది. మూడవ భాగము ఆరంభమున కనుపించు ఆ బాలుని షెపర్డ్ తప్ప మరెవ్వరును గమనించినట్లు లేదు. నడుమ వచ్చు కలలలో నల్లని నీడలు, గుసగుసలు. నాశనమార్గమును ఎన్నుకొని, తగిన సైన్యబలము కూర్చుకొన్నవారికి మాత్రమే శిథిలముల నడుమ ఒక దేహము ఊపిరి పీల్చుట కనుపించును. కావున ముగింపంతయు, లోబడుచున్న మనస్సు కన్న భ్రమయే యని వారు వాదించిరి.

ఈ శ్రద్ధ నాకు ముచ్చట గొలిపినది. చిన్న వివరమునైనను విడువక పూర్వాపరములు సరిచూచుట మన బడులు నేర్పవలసిన విద్యయే. ఐనను ఆ వాదమును నేనంగీకరింపలేను. అనుకూలమైనది సాక్ష్యము, ప్రతికూలమైనది భ్రమ యనినచో, అట్టి సిద్ధాంతమును ఓడించుట ఎవరి తరము? ఓడు వీలులేని వాదము గెలిచినదియు కాదు. ప్రేమించిన కృతిలో లోపమున్నదని ఒప్పుకొనజాలక, లోపమునే గూఢార్థముగా మలచుకొనుట యిందు కలదేమో. మూలములో లేనిది వ్రాయనని నియమము పెట్టుకొన్న మల్లినాథసూరి త్రోవ వేరు.

2012 జూన్‌లో సంస్థ ముగింపును విస్తరించి ఉచితముగా అందించినది. మూడు మార్గములను త్రోసిపుచ్చు నాల్గవ అవకాశమును చేర్చినది. ఐనను భ్రమవాదము అంతరింపలేదు. రచయిత వివరణ సయితము పాఠకుని ఊహకు ఆనకట్ట వేయజాలదు.

ఉపాధ్యాయులకు నా విన్నపమొక్కటే. తరగతిలో విద్యార్థి యొక కథకు క్రొత్త అర్థము చెప్పినచో, తప్పని కసరవలదు. రెండు ప్రశ్నలు అడుగుడు: ‘‘ఇది మూలములో ఎచట నున్నది? ఏది కనుపించినచో నీ యభిప్రాయము మార్చుకొందువు?’’ మొదటిదానికి పెక్కురు జవాబు చెప్పగలరు. రెండవదానికి కూడ చెప్పగలిగిన పిల్లవాడు చదువుట నేర్చుకొన్నాడని నమ్మవచ్చును.