పేట మైకూ, హైడన్ హెడ్‌ఫోనూ

మొన్నొక సాహిత్య కూటంలో సంగీతం మీద మాట వచ్చింది. ఒక మిత్రుడు హైడన్ రాసిన 'సిలువ మీది ఏడు మాటలు' గురించి పావుగంట మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు. చివర్లో నిట్టూర్చి, "మన తెలుగులో ఇలాంటిదెక్కడుంది చెప్పండి!" అన్నాడు. ఆయనది అమలాపురం. నాది రాజోలు వైపు. ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

ముందు ఆ కృతి సంగతి. 1780ల్లో స్పెయిన్‌లోని కాదిజ్ నుంచి హైడన్‌కి కబురొచ్చింది, గుడ్ ఫ్రైడే ఆరాధనకి సంగీతం కావాలని. అక్కడి పద్ధతి ఆయనే రాసిపెట్టాడు. చర్చి గోడలకీ కిటికీలకీ స్తంభాలకీ నల్లగుడ్డలు కట్టి, మధ్యలో ఒకే ఒక్క పెద్ద దీపం వేలాడదీసేవారు. బిషప్ వేదికెక్కి, యేసు సిలువ మీద పలికిన ఒక మాట చదివి, ప్రసంగించి, దిగొచ్చి మోకరిల్లేవాడు. అప్పుడు వాద్యబృందం వాయించాలి. ఇలా ఏడుసార్లు. పదేసి నిమిషాల నెమ్మది నడకలు ఏడు, వరసగా, వినేవాడికి విసుగు రాకుండా కట్టడం తేలిక కాదని ఆయనే ఒప్పుకున్నాడు. మొదట ఇందులో గొంతుల్లేవు. లండన్ ప్రయాణాల్లో ఒకసారి పాసావు అనే ఊళ్లో, అక్కడి సంగీత దర్శకుడు ఫ్రీబెర్ట్ దీనికి మాటలు చేర్చి క్వయర్ చేత పాడించగా విన్నాడు. నేనైతే ఇంకా బాగా చేసేవాణ్ణి అనుకున్నాడు. 1796లో తనే గాయకులకీ వాద్యాలకీ కలిపి తిరగరాశాడు.

ఇప్పుడు మా ఊరు రండి. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పేట చర్చిలో ఏడు మాటల కూడిక. ఒక్కో మాటకి ఒకరు లేచి ప్రసంగిస్తారు, మధ్యమధ్య పాట. చేతుల్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం, అందులో పాట నెత్తిన రాగమూ తాళమూ అచ్చేసి ఉంటాయి. పెరూలోని లిమాలో మొదలైన ఈ మూడు గంటల ధ్యానం కాదిజ్‌కీ వెళ్లింది, మా పేటకీ వచ్చింది. మా మిత్రుడికి హైడన్ కట్టిన సంగీతం తెలుసు. అది ఏ ఆరాధన కోసం కట్టిందో, అది తన ఊళ్లోనే ఏటా జరుగుతుందని మాత్రం తెలీదు. ఆ పూట వాళ్లింట్లో పేట వైపు కిటికీలు మూసేస్తారు.

మైకు గోల అంటారు. నిజమే, నాకూ ఆ కీబోర్డు మోత చిరాకే. కీర్తనలు వదిలేసి సినిమా బాణీ ట్రాకుల మీద పాడుతున్నారని మా పెద్దమ్మ ప్రతి ఏడూ తిడుతుంది. ఆవిడది విని తిట్టే తిట్టు. మీరు వినలేదే! (ధనుర్మాసంలో తెల్లారగట్ల మోగే మైకుకి ఈ ఇబ్బంది ఎందుకో ఉండదు.)

అది కళ కాదండీ, భక్తి అంటారు. కాదిజ్‌లో జనం టిక్కెట్టు కొనుక్కుని కచేరీకొచ్చారా?

శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ పేరెత్తితే సీమంతా పొంగిపోతాం. పొంగాలి కూడా. కానీ పగలంతా కూలికెళ్లొచ్చినవాళ్లు రాత్రిళ్లు కూర్చుని నెల్లాళ్లు ఒక పాట సాధన చేస్తే, అది సంగీత చర్చలోకి రాదు. జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకు 2022 మేలో అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. ఆ ఊళ్లో చెవులకి మాత్రం కులం లేదంటే ఎలా నమ్మేది?

వచ్చే గుడ్ ఫ్రైడేకి మిత్రుణ్ణి రమ్మన్నాను. చూద్దాం అన్నాడు. రెండ్రోజులాగి మెసేజ్ పెట్టాడు, రికార్డింగ్ ఏమన్నా ఉంటే పంపమని.