కడుపునొప్పి నిజమే, కారణమే వేరు



ఆదివారం రాత్రి దాకా బాగానే ఆడుకున్న పిల్లవాడికి సోమవారం పొద్దున్నే స్కూల్ బస్సు హారన్ వినగానే కడుపునొప్పి వస్తుంది. ఇంకొకరికి వాంతి, మరొకరికి అరచేతుల్లో చెమట. మన ఇళ్లలో దీనికి రెండే మాటలు: "నాటకాలాడుతున్నాడు", లేదంటే "దిష్టి తగిలింది". మూడో కారణం కూడా ఉండొచ్చని మీతో చెప్పాలనిపించింది.

భయం జబ్బు కాదు. పరీక్ష ముందు కొంచెం భయం ఉంటేనే పిల్లలు పుస్తకం తీస్తారు. ప్రమాదం ఉందని మెదడులోని అమిగ్డలా అనే చిన్న భాగం గంట కొడితే ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. అందుకే ఆ కడుపునొప్పి నిజమైనదే. పరీక్ష అయిపోయాక ఆ గంట ఆగాలి. వారాలు, నెలలు గడిచినా ఆగకుండా నిద్రను, తిండిని, బడిని, స్నేహాలను చెడగొడుతుంటే డాక్టర్లు దాన్ని ఆంగ్జైటీ డిజార్డర్ అంటారు. కొందరు పిల్లలు అమ్మను వదిలి ఉండలేరు. కొందరు ప్రతి చిన్నదానికీ దిగులు పడతారు. కొందరికి ఉన్నట్టుండి ఊపిరాడనట్టు అవుతుంది.

నేను ఇంగ్లిష్ చెబుతాను. లేచి నాలుగు లైన్లు చదవమంటే గొంతు పెగలని పిల్లలు ప్రతి సెక్షన్‌లో ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల నోట్సులో తప్పులు పెద్దగా ఉండవు. "మా అమ్మాయికి ఇంగ్లిష్ రావడం లేదా?" అని పేరెంట్స్ మీటింగ్‌లో అడుగుతారు. ఇంగ్లిష్ వచ్చు. నలుగురూ నవ్వుతారేమోనన్న భయం దాన్ని బయటికి రానివ్వదు.

ఇలాంటప్పుడు కొందరు తిడతారు, పక్కింటి పిల్లలతో పోలుస్తారు. దానివల్ల భయం పెరుగుతుందని మీకు తెలుసు. ఇంకొందరు ప్రేమతో "పోనీలే, ఈ రోజుకు ఇంట్లో ఉండు" అంటారు. దానివల్ల కూడా పెరుగుతుందని చాలామందికి తెలియదు. ఇంట్లో ఉండిపోగానే పిల్లవాడికి హాయిగా ఉంటుంది. తప్పించుకుంటేనే క్షేమమని అతని మెదడు నేర్చుకుంటుంది. మర్నాడు గడప దాటడం ఇంకా కష్టమవుతుంది.

చికిత్స దీన్నే తిరగేస్తుంది. కాలవలో ఈత నేర్పేటప్పుడు ముందు మోకాలి లోతులో దింపుతాం కదా, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ కూడా అలాంటిదే. ఇవాళ టీచర్ ఒక్కరి ముందే ఒక లైను, తర్వాత ఒక స్నేహితురాలి ముందు, ఆ తర్వాత ఒక బెంచీ ముందు, చివరికి క్లాసంతటి ముందు. "అందరూ నవ్వుతారు" అన్న ఆలోచన ఎంతవరకు నిజమో కూడా బిడ్డ చేతే పరీక్ష చేయిస్తారు.

అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల వయసున్న 488 మందిపై చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. 12 వారాల్లో థెరపీతో నూటికి 60 మంది, సెర్ట్రలీన్ అనే మందుతో 55 మంది, రెండూ కలిపితే 81 మంది బాగా మెరుగయ్యారు. మందు లేని ఉత్తుత్తి మాత్రతో మెరుగైనవారు 24 మందే. ఈ రకం మందులకు అలవాటు పడిపోతారన్నది అపోహ. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో బిడ్డను దగ్గరుండి గమనించాలి, డాక్టరుకు చెప్పకుండా ఆపకూడదు. ఆల్ప్రజోలం లాంటి మాత్రలు మాత్రం అలవాటయ్యే ప్రమాదం ఉంది. వాటిని మెడికల్ షాపులో అడిగి తెచ్చి ఇవ్వకండి.

ఇందులో మీ పాత్ర చిన్నది కాదు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలీ లెబోవిట్జ్ తల్లిదండ్రులకు మాత్రమే శిక్షణ ఇచ్చే పద్ధతిని రూపొందించారు. పిల్లలకు నేరుగా ఇచ్చే థెరపీకి అది తీసిపోదని 2020లో అచ్చయిన అధ్యయనం తేల్చింది. అందులోని సారం మన మాటల్లో ఇంతే: "నీకు భయంగా ఉందని నాకు తెలుసు నాన్నా. అయినా నువ్వు చేయగలవని కూడా నాకు తెలుసు."

ముందు పిల్లల డాక్టరుకు చూపించి రక్తహీనత, థైరాయిడ్ లాంటివి లేవని తేల్చుకోండి. ఆ తర్వాత 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు ఇది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. నేరుగా చూపించాలంటే గుంటూరు జీజీహెచ్‌లో, మంగళగిరి ఎయిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. బిడ్డ నోట చావు మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి.

"నలుగురికీ తెలిస్తే ఎలా? రేపు సంబంధాలకు అడ్డమేమో" అని భట్టిప్రోలు లాంటి ఊళ్లో అనుకోవడం సహజం. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. దాచిపెడితే ఆగిపోయేది చికిత్సే, భయం కాదు.

మా వంతు కూడా ఉంది. స్లిప్ టెస్ట్ మార్కులు అందరి ముందు చదవకపోవడం, గొంతు పెగలని బిడ్డకు మొదటి లైను మా పక్కన నిలబడి చదివే అవకాశం ఇవ్వడం మా చేతుల్లో పనులే. మాకు తెలియాలంటే మీరు చెప్పాలి. డైరీలో రాయాల్సిన పనిలేదు, క్లాస్ టీచర్‌ను విడిగా కలిసి ఒక్క మాట చెప్పండి చాలు.

— ఇంగ్లిష్ టీచర్, భట్టిప్రోలు