తడిసిన ధాన్యం పైనే ఉండాలి

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి మన ఇళ్లలో ఒకే చర్చ: బిడ్డను ఎక్కడ చేర్పించాలి? ఇంట్లో మొదటిసారిగా కళాశాల మెట్లెక్కుతున్న పిల్లలకు దారి చూపడానికి మసీదు కమిటీలు, సేవాసంఘాలు కళాశాలల వివరాలతో చిన్న పుస్తకాలు వేసి పంచడం మెచ్చదగిన పని. అయితే అటువంటి పుస్తకం తలపెట్టిన ప్రతిచోటా ఒక ప్రశ్న ఎదురవుతుంది. గుర్తింపు లేని విద్యాసంస్థల పేర్లు అందులో ఉండాలా, వద్దా? ఉంచితే వాటికి ప్రచారం చేసిపెట్టినట్లే అని కొందరి వాదన. తీసివేస్తే మన మదరసాలకే అన్యాయం జరుగుతుందని మరికొందరి బాధ. రెండింటిలోనూ నిజం ఉంది. ఆ పేర్లు ఉండాలి, కాని వేరే పట్టికలో, లోపం ఏమిటో స్పష్టంగా చెప్పి ఉంచాలి అన్నది మా అభిప్రాయం.

ముందుగా మాటల్లోని గందరగోళం తొలగాలి. 'గుర్తింపు లేదు' అన్న ఒక్క మాట కింద వేర్వేరు సంగతులను కలిపేస్తున్నాం. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం పట్టా ఇచ్చే అధికారం చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ హోదా పొందిన సంస్థలకు, పార్లమెంటు ప్రత్యేకంగా ఆ అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. ఆ అధికారం లేకుండా పట్టాలిచ్చేవి నకిలీ సంస్థలు. యూజీసీ ప్రకటించిన నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో మన రాష్ట్రంలోని గుంటూరు, విశాఖపట్నం చిరునామాలూ ఉన్నాయి. కళాశాల సంగతి వేరు. దానికి ఒక విశ్వవిద్యాలయపు అనుబంధం కావాలి. మన ప్రాంతంలో డిగ్రీ కళాశాలలకు 1954లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, ఇంజినీరింగ్ కళాశాలలకు అనంతపురం జేఎన్‌టీయూ అనుబంధం ఇస్తున్నాయి.

నాక్ గ్రేడు మరొకటి. అది నాణ్యతకు కొలమానమే కాని పట్టా చెల్లుబాటుకు షరతు కాదు. కొత్తగా వెలసిన కళాశాల కొన్నేళ్లు గడిస్తేగాని దానికి దరఖాస్తు చేసుకోలేదు. కనుక గ్రేడు లేనంత మాత్రాన దానిని మోసకారుల వరుసలో నిలబెట్టడం అన్యాయం. గ్రేడు ఉన్నంత మాత్రాన కళ్లు మూసుకొని నమ్మడమూ తగదు. మంచి గ్రేడు కోసం లంచం ముట్టిందన్న ఆరోపణపై 2025 ఫిబ్రవరిలో సీబీఐ నాక్ తనిఖీ బృందం సభ్యులనే అరెస్టు చేసింది. ఆ కేసు మన రాష్ట్రంలోని ఒక ప్రైవేటు సంస్థకు సంబంధించినదే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది కోర్సుకు ఆమోదం లేకపోవడం. ఫార్మసీ, నర్సింగ్ చదివినవారి పేరు ఆయా కౌన్సిళ్లలో నమోదు కానిదే వృత్తి చేపట్టడానికి వీలులేదు. ఆమోదం లేని కళాశాల సర్టిఫికెట్టుతో ఆ నమోదు జరగదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, సర్కారు కొలువుకు ఆ పట్టా పనికిరాదు. బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కోసం ఈ సముదాయం ఎన్నేళ్లు పోరాడిందో పాఠకులకు తెలుసు. 2007లో చట్టం వచ్చింది, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు దానిని నిలబెట్టింది. అంత కష్టపడి సాధించుకున్న హక్కు, చెల్లని పట్టా చేతిలో ఉన్న బిడ్డకు ఎందుకూ కొరగాదు.

ఇక మదరసాల మాట. చిత్తూరుకు కూతవేటు దూరంలోని వేలూరు బాఖియాతుస్సాలిహాత్, 1924లో నెలకొన్న ఉమరాబాద్ జామియా దారుస్సలామ్ వంటి విద్యాపీఠాల విద్వత్తుకు ఏ గ్రేడూ అవసరం లేదు. కాని విద్వత్తు వేరు, సర్కారు లెక్కలోని పట్టా వేరు. ఉత్తరప్రదేశ్ మదరసా బోర్డు చట్టాన్ని 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు సమర్థిస్తూనే, కామిల్, ఫాజిల్ డిగ్రీలకు సంబంధించిన నిబంధనలు యూజీసీ చట్టానికి విరుద్ధమని కొట్టివేసింది. ఈ తీర్పును మనం దాచనక్కరలేదు. మదరసా పేరు పక్కన 'ధార్మిక విద్య. ప్రభుత్వ డిగ్రీతో సమానం కాదు' అని రాయడం అవమానం కానే కాదు. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏ మదరసాల సర్టిఫికెట్లను ప్రవేశానికి అంగీకరిస్తుందో కూడా అక్కడే రాస్తే, ఆలిమ్ చదివిన యువకునికి ముందుకు సాగే తోవ కనబడుతుంది.

అసలు పేర్లే తీసివేస్తే పోదా అంటారా? పుస్తకంలో పేరు లేనంత మాత్రాన దళారి ఇంటికి రాకుండా పోడు. బెంగళూరు, చెన్నై రెండూ దగ్గరే అయిన మన జిల్లాలలో 'సీటు ఖాయం, ఫీజు తక్కువ' అనే మాటకు కొదవ లేదు. అప్పుడు ఆ తల్లి పుస్తకం తెరిచి చూస్తుంది. అక్కడ ఆ పేరే లేకపోతే అది కొత్త కళాశాలో, మనం మరచిన కళాశాలో, మోసమో ఆమెకు ఎలా తెలుస్తుంది? మన మౌనం దళారికే ఉపకరిస్తుంది.

ధాన్యపు రాశిలో చేయి పెట్టి అడుగున తడి ఉన్నదని గ్రహించిన దైవప్రవక్త (స), తడిసిన భాగాన్ని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని ఆ వర్తకుణ్ణి ప్రశ్నించారు. మార్గదర్శక పుస్తకానికి ఇంతకు మించిన నియమం అక్కరలేదు. ప్రతి పేరుకు ఎదురుగా అనుబంధం, కోర్సు ఆమోదం, నాక్ గ్రేడు, వివరాలు సరిచూసిన తేదీ ఉండాలి. నకిలీవని యూజీసీ తేల్చినవి మొదటి పుటలోనే ఉండాలి. పేరు చేర్చడానికి ఏ కళాశాల నుంచీ రూపాయి కూడా తీసుకోకూడదు.

ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. చదువుకున్న నలుగురు యువకులు రెండు వారాలు కూర్చుంటే ఒక పట్టణానికి సరిపడా పుస్తకం సిద్ధమవుతుంది. చిత్తూరు, తిరుపతి, పుంగనూరు, పలమనేరు, మదనపల్లె కమిటీలు ప్రవేశాలు మొదలుకాక ముందే ఈ పనికి పూనుకోవాలని కోరుతున్నాము.