పూత రాలితే సీసా కాదు, కారణం వెతకాలి

గుంటూరు, పల్నాడు, ఖమ్మం జిల్లాల్లో మిర్చి పూతకొచ్చింది. మందుల షాపుల దగ్గర మళ్లీ అదే వరస. "పూత రాలుతోంది, ఏదన్నా ఇవ్వండి" అని రైతు అడుగుతాడు, షాపువాళ్లు మూడు సీసాలు చేతిలో పెడతారు. ఎందుకు రాలుతోందని అడిగే మనిషే లేడు. ఈ వారం నా కోపమంతా దాని మీదే.

రాలిన ప్రతి పువ్వూ నష్టం కాదు. కందిలో నూటికి ఎనభై పూలు రాలడం మామూలే. మొక్క మోయగలిగినంతే ఉంచుకుంటుంది. మిర్చిలో మితిమీరి రాలుతోందంటే మాత్రం చేలో ఏదో తేడా ఉన్నట్టే. రాత్రిళ్లు వేడి తగ్గకపోయినా, నేల బెట్టకొచ్చినా, నీరు నిలిచినా, యూరియా ఎక్కువై చేను ఏపుగా పెరిగినా పూత నిలవదు. 2021లో మన మిర్చిని దెబ్బతీసిన నల్ల తామర పురుగు చేరేది పువ్వులోనే. నాలుగు పూలు కోసి తెల్ల కాగితం మీద దులపండి. సన్నటి నల్ల నలుసులు పాకితే అది పురుగు పని. అక్కడ పూత నిలవాలని హార్మోను కొట్టి ఏం లాభం?

హార్మోనుకైనా ఒక లెక్కుంది. ప్లానోఫిక్స్ అనే హార్మోను మందు నాలుగున్నర లీటర్ల నీటికి 1 మి.లీ. చాలు. ఆపిల్ తోటల్లో పిందెలు రాల్చి పలచన చేయడానికి వాడేదీ ఈ హార్మోనే. మరో మూత పోస్తే మరింత కాపు వస్తుందనుకోవడం చేజేతులా నష్టం తెచ్చుకోవడమే. ఇక 'బయో' పేరుతో అమ్మే బయోస్టిమ్యులెంట్ సీసాలను కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది 2021లో. అప్పటిదాకా వాటికి అడ్డూ అదుపూ లేదు.

ఇవన్నీ రైతుకు తెలియవా? చాలామందికి తెలుసు. అయినా షాపులో ఇచ్చిన సీసా కాదనలేరు, ఎందుకంటే అప్పు పుట్టేదీ అక్కడే. ముఖ్యంగా కౌలు రైతుకు. బ్యాంకుకెళ్తే కౌలు రైతు కార్డు అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కార్డుకు భూయజమాని సంతకం కావాలని 2019 చట్టం షరతు పెట్టింది. ఏ యజమాని అంత తేలిగ్గా సంతకం పెడతాడు? విత్తనం, ఎరువు, మందు అన్నీ ఖాతాలో తెచ్చుకున్నవాడు పంట చేతికొచ్చేదాకా షాపు మాట వినాల్సిందే. పూత సమస్య అని మనం అంటున్నదాంట్లో సగం అప్పు సమస్యే.

ప్రభుత్వాలకు నా విన్నపం ఒక్కటే. యజమాని సంతకంతో పని లేకుండా కౌలు రైతుకు కార్డు, దాంతోపాటు బ్యాంకు రుణం ఇవ్వండి. పూత సమయంలో వ్యవసాయ సిబ్బందిని చేలకు పంపండి. రైతు సోదరులారా, కారణం తేలేదాకా పూతకు మందు కొనకండి. కొన్న ప్రతి సీసాకూ బిల్లు అడిగి తీసుకోండి.