కనిపించని గొంతుకు పేరేమిటి?

పక్క ఇంట్లో రేడియో మోగితే చాలు, పల్లవి పూర్తికాకముందే ఘంటసాల అనో, సుశీల అనో, బాలు అనో చెప్పేస్తాం మనం. మనిషి కనబడనక్కరలేదు. తెర మీద పెదవులు కదిపేది ఒకరు, పాడేది మరొకరు అని మన పిల్లలకు కూడా తెలుసు. ఇంత చెవి ఉన్న మనం, ఫిలింనగర్‌కు దగ్గర్లోనే ఉన్న కేబీఆర్ పార్కులో కూసే పక్షిని మాత్రం "ఏదో పిట్ట" అని సరిపెట్టుకుంటున్నాం. ఇదేం న్యాయం?

సాధనాలు లేవా అంటే, ఉన్నాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారి మెర్లిన్ 2021 నుంచి కూత విని పేరు సూచిస్తోంది. మంచిదే. కానీ సూచన వేరు, తీర్పు వేరు. నేరెళ్ల వేణుమాధవ్ గారు ఒక్క గొంతులో ఎన్ని గొంతులు పలికించలేదు? పక్షుల్లోనూ అటువంటి ఘనులున్నారు. కరెంటు తీగల మీద కూర్చునే పసుల పోలిగాడు అచ్చం డేగలా అరవగలడు. ఇక కోకిల! "కూ" అని పాడేది మగది. ఆడది "కిక్ కిక్" అని గబగబా అరుస్తుంది. జాతి ఒకటే, గొంతులు రెండు.

అందుకే నా అభిప్రాయం ఇది: కూతను రికార్డు చేసినవారు పేరు కంటే ముందు తేదీ, వేళ, చోటు రాసుకోవాలి. స్వరం మెట్లెక్కుతోందా, కంసాలి సుత్తిలా ఒకే మెట్టు మీద మోగుతోందా గమనించాలి. ఆపైన, పేరు రూఢి అయిన రికార్డుతో పోల్చాలి. తేలకపోతే "తేలలేదు" అని రాయడం నామోషీ కాదు.

పిట్ట పేరు తెలిస్తే ఏమొస్తుంది అంటారా? కలివికోడి సంగతి వినండి. 1900 తరువాత కనిపించక, అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో దొరికింది. ముళ్లపొదల్లో రాత్రిళ్లు తిరిగే జీవి, చూడడం దుర్లభం. దాని కూత రికార్డు అయిన తరువాత, ఆ కూతనే అడవిలో వినిపించి జవాబు కోసం ఎదురుచూడడం సాధ్యమైంది. మళ్లీ ఏళ్ల తరబడి జాడ లేదు. చివరికి 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో దాని గొంతు వినబడింది, రికార్డయింది. కంటికి దొరకనిది చెవికి దొరికింది! "బతికే ఉన్నాను" అని పక్షే వాంగ్మూలం ఇచ్చినట్టయింది.

జూబ్లీహిల్స్‌కూ అటువంటి వాంగ్మూలాలు కావాలి. కేబీఆర్ పార్కు 1998లో జాతీయ వనమైంది. దాని చుట్టూ ఫ్లైఓవర్లు కడతామన్నప్పుడు, 2016లో, చెట్ల కోసం నగరవాసులు రోడ్డెక్కారు. ట్రాఫిక్ బాధ అబద్ధమని నేననను. అయితే కొట్టేసే చెట్టు మీద ఎవరు కాపురముంటున్నారని అడిగినప్పుడు "ఏదో పిట్ట" అంటే ఎవరు వింటారు? కార్లకు లెక్క ఉన్నట్టే గొంతులకూ లెక్క ఉండాలి, తేదీతో సహా.

విద్యార్థి మిత్రులారా, ఈ పని మనది. స్టూడియోల్లో శబ్దగ్రహణం తెలిసిన పెద్దలు మన పొరుగునే ఉన్నారు, అడిగి నేర్చుకుందాం. కావలసిందల్లా ఒక ఫోను, ఒక నోటుబుక్కు, పది నిమిషాల మౌనం. మూడోదే మనవాళ్లకు కాస్త కష్టం!